ఉప్పు బోరు, తుఫాను గాలి, డాబా బరువు: గోదావరి డెల్టాలో ఏ మొక్కకు ఏ కుండీ?

కోనసీమలో ఉంటూ కుండీల్లో మొక్కలు పెంచుతున్నామంటే బయటి ఊళ్ల వాళ్లు నవ్వుతారు. "మీ మట్టిలో పుల్ల గుచ్చినా చిగురిస్తుందంటారు కదా వదినా, ఈ కుండీలు ఎందుకు?" అని మా ఆడపడుచు వచ్చినప్పుడల్లా అడుగుతుంది. ఆ మట్టి చేలలో ఉంది. మా ఇల్లు ఉన్నది ఒకప్పటి వరిచేను మీద. లారీల కొద్దీ గ్రావెల్ తోలించి, మెరక చేసి కట్టుకున్న స్థలం. ఆ గ్రావెల్ కింద బంకమట్టి, బంకమట్టి కింద వానకాలమంతా నీళ్లు. పెరట్లో నాటిన గులాబీ రెండు శ్రావణాలు పూసింది, మూడో శ్రావణానికి వేరు కుళ్లి పోయింది. పీకి చూస్తే చేతికి బురద వాసన. ఆ ఏడాదే మొదటి కుండీ కొన్నాను.

అప్పటి నుంచి కొన్నవి, అడిగి తెచ్చుకున్నవి, పారేస్తుంటే ఆపి పట్టుకొచ్చినవి కలిపి ఎనిమిది తొమ్మిది రకాలు మా డాబా మీద తిరిగాయి. కుండీల దుకాణంలో నిలబడ్డప్పుడు అందరి మనసులోనూ మొక్క ఉంటుంది. మల్లెకు ఏది బాగుంటుంది, వంగకు ఎంత సైజు కావాలి అని. నేనూ అలాగే కొని, సగం డబ్బు పోగొట్టుకున్నాను. మన డెల్టాలో కుండీని తేల్చేది మొక్క కాదు, దానికి మీరు పోసే నీళ్లు. మిగిలినవన్నీ దాని తరవాతే.

## కొనే ముందు తేల్చుకోవలసినవి

నీళ్లు. కాలువ నీళ్లు, పంచాయతీ కుళాయి, బోరు, ఈ మూడింటిలో వేసవిలో మీ మొక్కలకు అందేది ఏది? వేసవిలో అని ఎందుకు నొక్కి చెబుతున్నానంటే, ఏటా ధవళేశ్వరం ఆనకట్ట నుంచి కాలువలు కట్టేసేది సరిగ్గా ఎండలు ముదిరినప్పుడే. మళ్లీ జూన్‌లో వదిలేదాకా చాలా ఇళ్లకు బోరే దిక్కు. సముద్రానికి దగ్గరగా ఉన్న అల్లవరం, అంతర్వేది, నరసాపురం వైపు ఊళ్లలోనూ, రొయ్యల చెరువుల మధ్య చిక్కుకున్న ఇళ్లలోనూ ఆ బోరు నీళ్లు తరచూ ఉప్పగా ఉంటాయి. నోటికి తెలియనంత ఉప్పు కూడా కుండీకి ఎక్కువే. చేలో అయితే వానకు కడుక్కుపోతుంది. కుండీలో రోజూ పోసిన ఉప్పు రోజూ పోగవుతుంది.

తెలుసుకోవడానికి ప్రయోగశాల అక్కరలేదు. రెండు స్టీలు పళ్లేలు తీసుకుని, ఒకదానిలో బోరు నీళ్లు, ఇంకోదానిలో పట్టిపెట్టిన వాన నీళ్లు సమానంగా పోసి ఎండలో పెట్టండి. సాయంత్రానికి ఆరిపోతాయి. వాన నీళ్ల పళ్లెం దాదాపు శుభ్రంగా ఉంటుంది. బోరు పళ్లెంలో ముగ్గు చల్లినట్టు తెల్లని పొర కట్టి, గోటితో గీస్తే పొడిగా లేచిందంటే మీ ఎంపిక సగం అయిపోయినట్టే.

బరువు. జనం ఎక్కి తిరిగే డాబాను చదరపు మీటరుకు 150 కిలోల బరువు లెక్కలో కడతారు. ఐ.ఎస్. 875 అనే భారతీయ ప్రమాణంలో ఉన్న లెక్క అది. ఇరవై లీటర్ల బకెట్‌లో మన నల్ల బంకమట్టి నింపి తడిపితే ముప్పై అయిదు కిలోల దాకా తూగుతుంది. అదే బకెట్‌ను కొబ్బరి పొట్టు, పశువుల ఎరువు కలిపిన మట్టితో నింపితే ఇరవై, ఇరవై రెండు కిలోలు. పాత డాబా అయితే బరువైన కుండీలు గోడల మీదుగా, దూలాల మీదుగా వచ్చేటట్టు పెట్టుకోవాలి, నడిమధ్యలో కాదు.

గాలి. అక్టోబరు, నవంబరు నెలల సంగతి మనకు ఎవరూ చెప్పనక్కరలేదు. 1996 నవంబరు 6 రాత్రి కొబ్బరిచెట్లే నిలవలేదు. అంతటిది రాకపోయినా ఏడాదికి ఒకటి రెండు వాయుగుండాలు ఖాయం. గాలికి పడేది, ఎగిరేది, చేత్తో దించుకోగలిగేది, కదలనిది అని కుండీలు నాలుగు రకాలు.

కాలం. తోటకూర నెలలో చేతికొస్తుంది. వంగ ఆరు నెలలు కాస్తుంది. కరివేపాకు పదేళ్లు ఉంటుంది. ఆరు నెలల మొక్కకు పదేళ్ల కుండీ కొనడం దుబారా అయితే, పదేళ్ల మొక్కను రెండేళ్ల సంచిలో పెట్టడం అంతకంటే పెద్ద దుబారా. సంచి చినిగాక మొక్కను పెకలించి మార్చేటప్పుడు ఆ సంగతి తెలుస్తుంది.

## మట్టి కుండీ

నాకు ఇష్టమైనది ఇదే, నన్ను ఎక్కువగా మోసం చేసిందీ ఇదే.

మట్టి కుండీ గోడల గుండా నీరు ఆవిరవుతుంది, కూజాలో నీళ్లు చల్లబడినట్టే వేరు చల్లగా ఉంటుంది. జూలై నుంచి అక్టోబరు దాకా తడి ఆరని మన వాతావరణంలో ఇది వరం. ప్లాస్టిక్‌లో కుళ్లిపోయే కనకాంబరం, గులాబీ, మల్లె మట్టి కుండీలో నిలుస్తాయి. నీళ్లు కాస్త ఎక్కువ పోసినా క్షమిస్తుంది. కొనేటప్పుడు వేలి కణుపుతో కొట్టి చూడాలి. ఖంగుమంటే బాగా కాలింది, మొద్దుగా మోగితే పచ్చిది లేదా పగులున్నది. పగుళ్లు కనిపించకుండా కుండీకి ఎర్ర రంగు పులిమి అమ్మేవాళ్లు కూడా ఉంటారు. అలాంటిది తీసుకోవద్దు. రంగు పొర కుండీ గోడను మూసేస్తే మట్టి కుండీ కొన్న ప్రయోజనమే పోతుంది.

ఇక మోసం. మా బోరు ఉప్పెక్కిన రెండో వేసవికి కుండీల బయట నడుము ఎత్తున తెల్లని పట్టీ కట్టింది. మొదట సున్నం అనుకున్నాను, తడిగుడ్డతో తుడిస్తే పోయింది, వారానికి మళ్లీ వచ్చింది. ఆ తరవాత పట్టీ ఉన్నచోట గోరు పెడితే పెచ్చులు పెచ్చులుగా లేచి వచ్చింది, ఎండిన పూతరేకు విరిగినట్టు. నీరు గోడలోంచి బయటికి వచ్చి ఆవిరైపోతుంది, ఉప్పు మాత్రం గోడలోనే గడ్డకట్టి లోపలి నుంచి పగలగొడుతుంది. మంచి నీళ్లతో పదేళ్లు ఉండవలసిన కుండీలు మూడేళ్లలో అంచులు పోగొట్టుకున్నాయి.

కుండీ పోతే పోయింది, అసలు నష్టం లోపల జరుగుతుంది. మట్టి కుండీకి రోహిణి కార్తెలో రోజుకు రెండు పూటలా నీళ్లు కావాలి. ప్లాస్టిక్‌కు ఒక పూట చాలు. రెట్టింపు నీళ్లు పోస్తున్నామంటే రెట్టింపు ఉప్పు పోస్తున్నామని అర్థం. ఆకు అంచులు కాలినట్టు గోధుమ రంగుకు తిరిగితే మనం ఎండ దెబ్బ అనుకుని ఇంకో చెంబు పోస్తాం.

కాబట్టి మంచి నీళ్లున్న ఇంటికి, వానకాలానికి, వేరు తడికి ఓర్వని పూలమొక్కలకు మట్టి కుండీ. ఉప్పు బోరు ఇంటికి మాత్రం తులసికి ఒకటి ఉంచుకోండి, దానికి వాన నీళ్లు పోయండి. అంతకు మించి వద్దు.

## గ్రో బ్యాగులు

హెచ్‌డీపీఈ అనే గట్టి ప్లాస్టిక్‌తో చేసిన ఆకుపచ్చ సంచులు. మిద్దెతోటలు మొదలుపెట్టిన వాళ్లందరి ఇళ్లలో ముందు ఇవే కనిపిస్తాయి. తేలిక, చవక, మడిచి బీరువాలో పెట్టుకోవచ్చు. అడుగు వెడల్పు, అడుగు ఎత్తు సంచికి సుమారు ఇరవై లీటర్ల మట్టి పడుతుంది. ఒక వంగకో రెండు మిరప మొక్కలకో అది సరిపోతుంది. పదిహేను అంగుళాల వెడల్పుదానికి ముప్పై లీటర్ల పైన. టమాటా, బీర, కాకర తీగలకు ఇది. ఆకుకూరలకు వెడల్పు రెండడుగులు, లోతు తొమ్మిది అంగుళాలు ఉన్నది.

సంచి మందాన్ని జీఎస్ఎం, అంటే చదరపు మీటరుకు ఎన్ని గ్రాములన్న అంకెలో చెబుతారు. 240కి తక్కువది తీసుకోకండి. ఎండను తట్టుకునేలా యూవీ మందు కలిపిందేనా అని అడగండి. "అయిదేళ్లు గ్యారంటీ" అని మాకు అమ్మినవి రెండున్నర ఏళ్లు వచ్చాయి. అదీ అడుగు బాగానే ఉంది, ముందు పోయింది చెవులు. తుఫాను హెచ్చరిక వచ్చిన మధ్యాహ్నం కాయలతో ఉన్న వంగను మెట్ల మీదికి తెద్దామని రెండు చెవులూ పట్టుకుని లేపితే, చెవులు నా చేతుల్లో ఉన్నాయి, సంచి డాబా మీదే ఉంది. చెవి దగ్గర కుట్టు దారం ఎండకు ముందుగా పొడిబారుతుంది. అప్పటి నుంచి సంచిని కింద గోనె పరిచి దాని మీద పెడతాను, గోనె పట్టుకుని లాగుతాను.

గుడ్డలాంటి ఫెల్టు సంచులు వేరే రకం. పక్కల నుంచి గాలి తగిలి వేరు కొసలు వాటంతట అవే ఆగిపోతాయి, ముద్దలా చుట్టుకోకుండా కొత్త వేర్లు కొమ్మలు వేస్తాయి. పళ్ల మొక్కలకు చాలా మంచిది. కానీ నీటి విషయంలో మట్టి కుండీకి అన్న లాంటిది. ఉప్పు నీళ్ల ఇంటికి ఇదీ కాదు.

## చేపల పెట్టెలు

ఇతర ప్రాంతాల వాళ్లకు లేని సౌకర్యం మనకు ఇదొక్కటే. భీమవరం, ఆకివీడు, నరసాపురం చుట్టుపక్కల చేపలకు, రొయ్యలకు ఐసు వేసి పంపే థర్మోకోల్ పెట్టెలు ఎక్కడ చూసినా కనిపిస్తాయి. మూత విరిగినవి, మూల చిట్లినవి చేపల మార్కెట్‌లో అడిగితే దాదాపు ఊరికే ఇస్తారు. మేము తెచ్చుకున్న వాటిలో నలభై లీటర్లకు పైగా మట్టి పట్టింది. ఇంత తక్కువ ధరకు ఇంత చోటు ఇంకే కుండీలోనూ రాదు.

గుణం కూడా గొప్పది. ఐసును కరగనివ్వని గోడే ఎండను వేరు దాకా వెళ్లనివ్వదు. మే నెలలో నల్ల ప్లాస్టిక్ కుండీ పక్క మీద చెయ్యి పెట్టలేం, ఈ పెట్టె పక్క మీద పెట్టవచ్చు. బచ్చలి, తోటకూర, పాలకూర, కొత్తిమీర దీనిలో వచ్చినట్టు దేనిలోనూ రాలేదు నాకు. వేసవిలో కొత్తిమీర మొలిపించడం ఎంత కష్టమో పెంచేవాళ్లకు తెలుసు.

కడగడం మాత్రం శ్రద్ధగా చేయాలి. ఒక రాత్రి సబ్బు నీళ్లలో నానబెట్టి, రెండు రోజులు ఎండబెట్టాలి. వాసన మిగిలితే వీధిలోని పిల్లులన్నీ మీ డాబా మీదే. ఎండకు థర్మోకోల్ పైపొర పచ్చబడి పిండిలా రాలుతుంది. బయట సున్నమో, నీళ్లలో కలిపే గోడ రంగో రెండు పూతలు వేస్తే రెండేళ్లు వస్తుంది. థిన్నరు కలిపే రంగు వేయకండి, పెట్టె కరిగిపోతుంది. కోళ్లున్న ఇంట్లో అయితే పూత కూడా కాపాడలేదు, పొడిచి పొడిచి గుంటలు పెడతాయి.

కన్నాలు ఎక్కడ పెట్టాలన్నది నీటిని బట్టి. మంచి నీళ్లయితే పక్క గోడకు, అడుగు నుంచి అంగుళం పైన పెట్టండి. అడుగున కాస్త నీరు నిలిచి వేసవిలో ఒక పూట ఊరు వెళ్లినా మొక్క వాడదు. ఉప్పు నీళ్లయితే సరిగ్గా అడుగునే పెట్టండి, ఎందుకంటే నిలిచిన నీటిలోనే ఉప్పు పేరుకుంటుంది. వానకాలం వచ్చేసరికి ఎవరికైనా అడుగు కన్నాలు ఉండవలసిందే.

రెండు లోపాలు దాచకుండా చెప్పాలి. మట్టి లేని ఖాళీ పెట్టె గాలికి కాగితం ముక్క. ఒక వాయుగుండానికి మాది పక్కింటి మేడ దాటి కొబ్బరితోటలో దొరికింది. రెండోది, పాడైపోయాక దాని తెల్ల పూసలు కాలువలో కలిస్తే తీయడం ఎవరి తరమూ కాదు. చిట్లడం మొదలవగానే సంచిలో కట్టి చెత్తబండికి ఇచ్చేయాలి, తగలబెట్టకూడదు.

## ప్లాస్టిక్ కుండీ, పెయింటు బకెట్

ఉప్పు బోరు ఇంటికి నా సలహా ఇదే, అందంగా లేకపోయినా. గోడలోంచి నీరు పోదు కాబట్టి తక్కువ నీళ్లు, తక్కువ ఉప్పు. కావలసిందల్లా అడుగున చిటికెన వేలు దూరేటన్ని కన్నాలు ఆరేడు, పది రోజులకొకసారి అడుగు నుంచి ధారగా కారేదాకా నీళ్లు పోసి ఉప్పును కడిగేయడం. ఆ కడిగే నీళ్లు వాన నీళ్లో, ఏసీ నుంచి కారే నీళ్లో అయితే ఇంకా మంచిది. మన ఉక్కపోతకు ఒక ఏసీ రాత్రికి బకెట్ దాకా నీళ్లు ఇస్తుంది, దానిలో ఉప్పు ఉండదు. ఆర్‌ఓ మిషను వదిలే నీళ్లు మాత్రం పోయకండి. మంచినీళ్లను మీకిచ్చి ఉప్పంతా దానిలోకి వదులుతుంది ఆ మిషను.

ఇరవై లీటర్ల పెయింటు బకెట్ రంగులేసే మేస్త్రీలను అడిగితే దొరుకుతుంది, చేతిపిడి ఉంటుంది, తుఫానుకు దించుకోవడానికి ఇంతకంటే సుఖమైనది లేదు. నల్లవి, ముదురు రంగువి వద్దు. తెల్లవి ఎంచుకోండి. కంటికి ఇంపుగా కావాలంటే బయట గోనెపట్టా చుట్టండి, ఎండా ఆగుతుంది.

## సగం డ్రమ్ము

రెండు వందల లీటర్ల నీలం డ్రమ్మును అడ్డంగా కోస్తే రెండు కుండీలు. నిమ్మ, జామ, కరివేపాకు, దొండపాదు వంటి ఏళ్ల తరబడి ఉండే వాటికి ఇదే సరైనది. మట్టి నింపి తడిపితే ఒక్కొక్కటి నూటపాతిక కిలోలకు దగ్గరగా వస్తుంది. అంటే డాబా మీద చదరపు మీటరుకు ఒకటే, అదీ గోడ వారగా. నింపాక కదలదు కాబట్టి ఎక్కడ పెట్టాలో ముందే తేల్చుకోండి.

డ్రమ్ములో ఇదివరకు ఏముండేదో తెలియకుండా కొనకండి. చెరువుల మందులు, యాసిడ్లు వచ్చిన డ్రమ్ములు కూడా అదే నీలం రంగులో ఉంటాయి. వాసన లేనంత మాత్రాన మంచిదని కాదు. చెప్పలేని కొట్టువాడి దగ్గర వదిలేయడమే.

## సిమెంటు కుండీ

గాలికి కదలదు, తరతరాలు ఉంటుంది, డాబా మీదికి ఎక్కించకూడదు. నేల మీద, గేటు పక్కన బాగుంటుంది. కొత్తదానిలో సున్నపు గుణం ఎక్కువ. వారం పది రోజులు నీళ్లు నింపి, పారబోసి, మళ్లీ నింపితే తగ్గుతుంది. నూరువరహాలు, గంధరాజం వీటిలో పెడితే ఈనెలు ఆకుపచ్చగా ఉండి మిగతా ఆకు పాలిపోతుంది. మందారానికి, బోగన్‌విల్లాకు పరవాలేదు.

## బియ్యం సంచి

ఇరవై అయిదు కిలోల బియ్యం సంచి ఎండకు ఏడెనిమిది నెలల్లో నారలు నారలుగా విడిపోతుంది. కందకు కావలసింది సరిగ్గా అంతే కాలం. మే చివర, జూన్ మొదట్లో సంచిని సగం దాకా మడిచి, మట్టి నింపి కంద ముక్క పెడితే, కాండం ఎదిగేకొద్దీ మడత విప్పుతూ ఎరువు, ఆకు చెత్త వేసుకుంటూ పోవచ్చు. సంక్రాంతి ముందు ఆకు పండి వాలిపోతుంది. తవ్వనక్కరలేదు, సంచిని కోస్తే దుంప బయటపడుతుంది. పసుపు, అల్లం, చేమ కూడా ఇంతే. పక్కనే చేపల పెట్టెలో బచ్చలి ఉంటే కంద బచ్చలి కూరకు బజారు వెళ్లే పని లేదు. రెండు సంచులు ఒకదానిలో ఒకటి దోపితే ఇంకో నెల ధీమా.

## ఒక్క చూపులో

| రకం | వేసవిలో నీళ్లు | ఉప్పు బోరుకు | తుఫానుకు | మన్నిక | దేనికి |
|---|---|---|---|---|---|
| మట్టి కుండీ | రోజుకు రెండు పూటలు | వద్దు | పడితే పగులుతుంది | మంచి నీళ్లకు పదేళ్లు, ఉప్పుకు మూడు | గులాబీ, మల్లె, కనకాంబరం, తులసి |
| హెచ్‌డీపీఈ గ్రో బ్యాగు | ఒక పూట, ముదురు ఎండలో రెండు | పరవాలేదు | నిలుస్తుంది, చెవులు నమ్మరాదు | రెండు మూడేళ్లు | వంగ, మిరప, టమాటా, తీగలు |
| ఫెల్టు సంచి | రెండు పూటలు | వద్దు | నిలుస్తుంది | మూడేళ్ల దాకా | పళ్ల మొక్కలు |
| చేపల పెట్టె | ఒక పూట | అడుగు కన్నాలతో సరే | ఖాళీగా ఉంటే ఎగురుతుంది | పూత వేస్తే రెండేళ్లు | ఆకుకూరలు |
| పెయింటు బకెట్ | ఒక పూట | అన్నిటికంటే మేలు | చేత్తో దించవచ్చు | నాలుగైదేళ్లు | వంగ, మిరప, పుదీనా |
| సగం డ్రమ్ము | రోజు విడిచి రోజు | మేలు | కదలదు | పదేళ్లు | నిమ్మ, కరివేపాకు, దొండ |
| సిమెంటు కుండీ | ఒక పూట | పెచ్చులు ఊడవచ్చు | కదలదు | చాలా ఏళ్లు | నేల మీద మందారం |
| బియ్యం సంచి | ఒక పూట | పరవాలేదు | నిలుస్తుంది | ఏడెనిమిది నెలలు | కంద, పసుపు, అల్లం |

మన్నిక అంకెలు మా డాబా మీద, మా ఎండకు వచ్చినవి. నీడ ఉన్న ఇంట్లో ఇంకా పెరుగుతాయి.

## ఎవరికి ఏది

రాజమండ్రిలోనో భీమవరంలోనో అద్దె ఫ్లాట్‌లో, బాల్కనీలో మూడు గంటల ఎండ మాత్రమే ఉన్నవాళ్లు కూరగాయల ఆశ పెట్టుకోకండి. వంగ ఆకు వేస్తుంది, కాయ వేయదు. పుదీనా, బచ్చలి, తమలపాకు, కరివేపాకు చాలు. తెల్ల బకెట్లు కొనండి. ఇల్లు మారేటప్పుడు ఆటోలో పట్టాలి, కింది ఫ్లాటు వాళ్ల బట్టల మీద మట్టి నీళ్లు కారకూడదు. ఈ రెండూ మొక్క ఆరోగ్యం కంటే ముందు వస్తాయి. కుండీ కింద పళ్లెం పెడితే వారంలోగా ఆ నీళ్లు పారబోయాలి, లేకపోతే దోమలను పెంచుతున్నట్టు.

సొంత డాబా, మంచి నీళ్లు ఉన్నవాళ్లది అదృష్టం. మీకు అన్నీ నప్పుతాయి కాబట్టి కాలాన్ని బట్టి ఎంచుకోండి. నా లెక్క అడిగితే కూరగాయలకు బ్యాగులు, ఆకుకూరలకు చేపల పెట్టెలు, పూలకు మట్టి కుండీలు, గోడ వారగా రెండు డ్రమ్ములు. డాబా గచ్చుకూ కుండీకీ మధ్య మూడంగుళాల ఎత్తు ఇటుకలు ఉండాలి, శ్లాబు చెమ్మెక్కకుండా.

ఉప్పు బోరు వాళ్లకు బకెట్లు, డ్రమ్ములు అని ముందే చెప్పాను. ఇంకొక్క మాట. చిక్కుడు, బీన్స్ ఉప్పును అస్సలు ఓర్చుకోవు, పాలకూర కొంత ఓర్చుకుంటుంది. బీన్స్ మొక్క చచ్చిపోతే అది మీ చేతి దోషం కాదు. డాబా మీది వాన నీటి గొట్టం కింద ఒక డ్రమ్ము పెట్టి, మూత వేసి ఉంచుకుంటే సున్నితమైన నాలుగు మొక్కలనైనా కాపాడుకోవచ్చు.

గోదావరి పాయల మధ్య ఉన్న లంక ఊళ్ల వాళ్ల సమస్య వేరు. 2022 జూలై వరదలాంటిది వస్తే పెరడంతా నీళ్లు. నేల మీది సిమెంటు కుండీ ఉన్నచోటే మునుగుతుంది. మీకు కావలసింది ఒక మనిషి రెండు చేతులతో మెట్లెక్కించగలిగేది, అంటే ఇరవై లీటర్లకు మించనిది. ఒక్కరే ఎక్కించలేనిది ఏదైనా ఉంటే జూన్‌లోపే దాన్ని మేడ మీద పెట్టేయండి.

నడుము నొప్పి, మోకాళ్ల నొప్పి ఉన్న పెద్దవాళ్లకు చేపల పెట్టెలను పాత బల్ల మీద వరసగా పెట్టి ఇవ్వండి. వంగకుండా నిలబడి తోటకూర కోసుకోవచ్చు. మా అత్తగారికి ఎనభై దాటాయి, ఆవిడ పెట్టెలకు మమ్మల్ని చెయ్యి కూడా పెట్టనివ్వరు.

## ఏ కుండీ కొన్నా మారనివి

చాలామంది కుండీ అడుగున రెండు మూడు అంగుళాలు కంకరో పెంకులో పోస్తారు, నీరు బాగా దిగుతుందని. దిగదు. సన్న మట్టిలోని నీరు కింద ఉన్న కంకరలోకి సులువుగా జారదు, పైన మట్టి పూర్తిగా నానేదాకా అక్కడే ఆగుతుంది. అంటే తడి మట్టి వేరుకు ఇంకా దగ్గరవుతుంది, కుండీలో చోటూ తగ్గుతుంది. కన్నం మీద మట్టి జారకుండా ఒక్క పెంకు ముక్క, లేదా కొబ్బరి పీచు పొర చాలు. ఇదే కారణానికి వానకాలంలో లోతు తక్కువ తొట్లకంటే ఎత్తైన కుండీలు త్వరగా ఆరతాయి.

చేలోని నల్లమట్టిని అలాగే కుండీలో నింపకండి. వానకు ముద్దవుతుంది. వేసవికి ఇటుకై, అంచుల నుంచి విడిపోయి, పోసిన నీళ్లన్నీ ఆ సందులోంచి కారిపోతాయి. మొక్క మాత్రం ఎండుతుంది. మట్టి ఒక పాలు, మాగిన పశువుల ఎరువు ఒక పాలు, కడిగిన కొబ్బరి పొట్టు ఒక పాలు, గుప్పెడు వేపపిండి. పీచు మిల్లు నుంచి తెచ్చే పచ్చి పొట్టును కడగకుండా వేయకూడదు, దానిలో ఉప్పు, వగరు రెండూ ఉంటాయి. టీ డికాషన్ లాంటి నీళ్లు దిగుతాయి. ఆ రంగు పలచబడేదాకా మూడు నాలుగు సార్లు నానబెట్టి పిండాలి.

కడియపులంక, బుర్రిలంక నర్సరీల నుంచి తెచ్చిన మొక్క తరచూ గట్టి ఎర్రమట్టి ముద్దలో ఉంటుంది. ఆ ముద్దను అలాగే మెత్తటి మిశ్రమంలో పెడితే పోసిన నీరు చుట్టూ ఉన్న మట్టిలోకి పోతుంది, ముద్ద లోపల పొడిగా ఉండిపోతుంది. ఒక గంట నీళ్లలో నానబెట్టి, అంచు మట్టిని వేళ్లతో మెల్లగా రాల్చి నాటాలి. తెచ్చిన రోజే నాటకుండా నాలుగు రోజులు నీడన ఉంచండి.

మొదటిసారి కొంటున్నారా, ఆరుకు మించి కొనకండి. రెండు బకెట్లు, రెండు బ్యాగులు, ఒక చేపల పెట్టె, ఒక మట్టి కుండీ. ఒకే నీళ్లు, ఒకే మిశ్రమం, ఆరింటిలోనూ తోటకూర. మార్చిలో మొదలుపెడితే కాలువలు వదిలే వేళకు మీ డాబాకు ఏది నప్పిందో తెలిసిపోతుంది. మట్టి కుండీ నడుముకు తెల్ల పట్టీ కట్టిందా లేదా అని మాత్రం మే నెలలో ఒకసారి వంగి చూడండి.